మా అమ్మ బొమ్మ రైలెక్కిన రోజు

ఆ ఉదయం పోస్టుమాన్ టెలిగ్రాం తెచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. దిగువన కుళాయి దగ్గర నీళ్ళకోసం వరసలో నిలబడి ఉంది. నాన్న గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. చెంపమీద నురగ అలాగే ఉంచుకుని సంతకం పెట్టి, కాగితం విప్పాడు. నేను పక్కనే ఉన్నాను. నాకప్పుడు పదకొండేళ్ళు, హిందీ బడిలో చదువు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను. మొదటి మాట ‘మదర్’ అని తెలిసింది. రెండోది తెలియలేదు.

“ఏటది నాన్నా?”

“ఆఫీసు కాగితం. అమ్మకి సెప్పకు. సెప్పకపోతే ఇయాల రైలెక్కిత్తాను.”

మా దీవుల్లో రైలు లేదు. ఆ ఏడు పోర్ట్ బ్లెయర్‌లో మేళా పెట్టి, మైదానం మధ్యలో ఒక బొమ్మ ఊరు కట్టి, దాని చుట్టూ చిన్న రైలు తిప్పుతున్నారని విన్నాం. మా తరగతిలో సగం మంది ఎక్కి వచ్చారు. నాన్న ఆ మాట అన్నాక నేను ఇంకేమీ అడగలేదు.

నాన్న దీవుల మధ్య తిరిగే సర్కారు బోటులో ఇంజను రూము మనిషి. ఇంట్లో ఉన్న రోజు నిద్రపోయేవాడు, లేకపోతే కసిరేవాడు. అలాంటి మనిషి ఆ రోజు తనే తమ్ముడికి తల దువ్వాడు. నీళ్ళు దింపుకుంటున్న అమ్మతో, “మంచి సీర కట్టుకో. మేళాకెల్దాం,” అన్నాడు. అమ్మ నమ్మలేదు. “ఏటయ్యా, ఒంట్లో బాగానే ఉందా?” అని నవ్వింది.

బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో వెళ్తుంటే హాడో రేవులో ఓడ కనిపించింది. పొగ వదులుతోంది. అమ్మ కమ్మీ పట్టుకుని చూస్తూ, “అది మన వైజాగ్ ఓడే కదా? ఈయాలేనా ఎల్లేది?” అంది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ ఓడలోనే పెళ్ళికూతురిగా వచ్చింది. పన్నెండేళ్ళయినా మళ్ళీ ఎక్కలేదు.

“ఏమో. నాకు తెల్దు,” అన్నాడు నాన్న. సర్కారు బోటులో పనిచేసే మనిషికి ఓడ ఎప్పుడు కదులుతుందో తెలియకపోవడం ఏమిటని నేనయినా అనుకోలేదు.

బొమ్మ ఊరు మా మోకాళ్ళ ఎత్తు ఉంది. మట్టి గోడలు, గడ్డి కప్పులు, బడి, పోస్టాఫీసు, మట్టి ఆవులు, ఆకుపచ్చ రంగేసిన రంపపు పొట్టుతో వరి చేలు. ఊరి చివర చెక్క స్టేషను. దీవుల్లో పుట్టిన పిల్లలకి దేశంలో ఊరు ఎలా ఉంటుందో చూపించడానికట. అమ్మ తాడు దగ్గర గొంతుక్కూర్చుని మాకు చూపించడం మొదలుపెట్టింది.

“మా ఊరు పలాస దగ్గర ఇలగే ఉంటాది. ఇదిగో, టేసను. ఇలా ఎనకమాల మా ఇల్లు. రైలు కూతెడితే మా అమ్మ పొయ్యిమీద ఎసరెడతాది. గడియారం నేదు కదా. ఇప్పుడు పెట్టుంటాది.”

నాన్న ఆమె వెనకే నిలబడి వింటున్నాడు. ఆయన చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. కాసేపటికి, “సూసేసినావు కదా మీ ఊరు. ఇంక ఎల్లక్కర్నేదు,” అన్నాడు. అమ్మ అది వేళాకోళం అనుకుని నవ్వింది.

రైలుకి నల్ల ఇంజను, మూడు పెట్టెలు. నన్నూ తమ్ముణ్ణీ ఒకసారి ఎక్కించాడు. రెండోసారి అమ్మని కూడా ఎక్కమన్నాడు. టికెట్లిచ్చే అతను, “నహీఁ దీదీ, సిర్ఫ్ బచ్చాలకే,” అన్నాడు. నాన్న అతని భుజమ్మీద చెయ్యేసి, “అరే భయ్యా, పన్నెండేళ్ళయింది రైలెక్కి. ఒక్క చక్కర్,” అని బతిమాలాడు. ఆయన ఎవర్నయినా బతిమాలడం అదే మొదటిసారి చూశాను. అమ్మ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని మా ఎదుట కూర్చుంది. ముఖమంతా నవ్వు. మూడో మలుపులో ఉండగా రేవు వైపునుంచి ఓడ కూత వినిపించింది. అమ్మ తల అటు తిప్పి, “ఎల్లిపోతంది,” అంది. మళ్ళీ మావైపు తిరిగి నవ్వింది.

ఇరవై రోజులకి మామయ్య ఉత్తరం వచ్చింది. అమ్మమ్మకి బాగులేదని టెలిగ్రాం కొట్టామనీ, వారం రోజులు కొట్టుమిట్టాడుతూ కూతురి కోసం చూసిందనీ, ఎవరూ రాకపోతే మట్టి చేసేశామనీ రాశాడు. అమ్మ ఉత్తరం పట్టుకుని, “టెలిగ్రామొచ్చిందా?” అని నాన్ననడిగింది.

“రానేదు.”

“నువ్వు సూసావేటే గుంటా?”

నేను నాన్న వైపు చూశాను. “లేదమ్మా,” అన్నాను.

భయపడ్డానని చెప్పుకోవచ్చు. కానీ అది భయం కాదు. నన్ను రెండుసార్లు రైలెక్కించిన నాన్న పక్షాన ఉండాలనిపించింది, అంతే.

మర్నాడు అమ్మ జెట్టీ దగ్గర పోస్టుమాన్‌ని నిలదీసింది. నా తల్లిని నాకు కాకుండా చేశావని పదిమందిలో తిట్టింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆ పెద్దాయన అంతా విని, “దీదీ, మీ ఆద్మీ చేతికే ఇచ్చాను. మీ బేటీ బాజూలోనే ఉంది. పూఛో,” అన్నాడు.

అమ్మ నన్ను అడగలేదు. ఇంటికి వచ్చి అన్నం వండింది. నాన్న తిన్నాక, “ఎందుకు?” అంది.

“ఓడెక్కితే నెల్లాళ్ళకి గానీ రావు. నాకు నికోబార్ డ్యూటీ. పిల్లల్నెవరు సూత్తారు? అయినా, నువ్వెల్లి బతికించీదానివా?”

అమ్మ కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తరవాతి ఓడకి తమ్ముణ్ణి మాత్రం తీసుకుని వెళ్ళింది. మూడు నెలలకి తిరిగొచ్చింది. నాన్నతో కాపురం చేసింది. ఆయన మంచాన పడితే గంజి కాచి పోసింది. చర్చిలో పాస్టరుగారు క్షమించమ్మా అంటే, “ఆ పని దేవుడు సూసుకుంటాడులెండి. నాకు ఇంట్లో పనుంది,” అని లేచి వచ్చేసింది.

నన్ను ఒక్క మాటా అనలేదు. కొట్టినా బాగుండేది. కానీ తన ఊరి సంగతి, తన తల్లి సంగతి నా దగ్గర మళ్ళీ ఎత్తలేదు. తమ్ముడికి చెప్పేది. తరవాత వాడి పిల్లలకీ చెప్పింది. నేను వెళ్ళి కూర్చుంటే కూర ఏం వండావని అడిగేది.

చివరి రోజుల్లో అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది. ఒక మధ్యాహ్నం ఫ్లాస్కుతో వెళ్ళేసరికి అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, “మా అమ్మ తెల్లగా, పొడుగ్గా…” అని చెబుతోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అమ్మమ్మ తెల్లగా ఉండేదని నాకప్పుడే తెలిసింది. అమ్మ నన్ను చూసింది. మాట ఆపేసి, దిండు సరిచెయ్యమని నర్సుకి సైగ చేసింది.