పిక్కకు స్కానింగ్, పొట్టనిండా నీళ్లు

ఆ రోజుల్లో మనిషికి జబ్బు చేస్తే అది అతని సొంత ఆస్తిగా ఉండేది కాదు. తెలిసినవాళ్లందరికీ అందులో వాటా. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే ఉద్యోగంలో కొత్తగా చేరాను (బీకాం ఫస్ట్ క్లాసు, ప్రపంచం ఇంకా గమనించలేదు). అప్పుడే నా కుడి పిక్క మీద బఠాణీ గింజంత గడ్డ తేలింది. చూడ్డానికి మర్యాదస్తురాలే. ప్యాంటు రాసుకుంటే మాత్రం ప్రాణం జివ్వున నడినెత్తికెక్కేది. క్యాన్సరేమోనని ఒకసారి అనుకున్నాను. ఆ తర్వాత మరేదీ అనుకోలేకపోయాను.

చీరల సెక్షన్ చూసే పెద్దాయనను దుకాణమంతా డాక్టరన్న అనేది. బామ్మర్దికి తోడుగా కొన్నాళ్లు దవాఖానలో పడుకోవడమే ఆయన వైద్యవిద్య. నా ముఖం చూసి, ముందురోజు చూపించుకున్న పెద్ద డాక్టరు స్కానింగ్ రాసిన సంగతి రాబట్టి, గడ్డను బొటనవేలితో నొక్కాడు. నా అరుపుకు ఒక పెళ్లివారి బేరం మెట్లు దిగి వెళ్లిపోయింది.

"గింతకే మొత్తుకుంటవేందిరా? పెద్ద డాక్టరు స్కానింగ్ రాసిండు కదా, నడువు, నేనొస్త. నీళ్లు తాగినవా?"

"స్కానింగ్ పిక్కకన్నా."

"స్కానింగంటే స్కానింగే! మా బామ్మర్దికి కడుపు ఉబ్బేదాంక తాగిపిచ్చిన్రు. నీళ్లు లేకుంటే మిషన్‌కేం కనవడ్తది?"

వాదించాల్సింది. కానీ భయపడ్డవాడి చదువు ఎప్పుడూ పక్క ఊళ్లోనే ఉంటుంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆటో ఎక్కేసరికి రెండు పెద్ద సీసాలు నా లోపల ఉన్నాయి. నాంపల్లి దాకా రోడ్డు మీది ప్రతి గుంతనూ వ్యక్తిగతంగా పరిచయం చేసుకున్నాను.

స్కానింగ్ సెంటర్‌లో కౌంటర్ అమ్మాయి తలెత్తకుండానే, "నీళ్లు తాగిన్రా?" అంది. వచ్చినవాళ్లందరినీ ఆమె అడిగేది ఆ ఒక్క మాటే. డాక్టరన్న నా వైపు చూసిన చూపులో ఒక వైద్య కళాశాల స్థాపకుడి గర్వం ఉంది. "పోయొస్తనన్నా" అని బతిమాలితే, "పోతే మళ్ల మొదటికెల్లి తాగాలె" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

లోపల స్కానింగ్ డాక్టరమ్మ పిక్క మీద చల్లని జెల్లు పూసింది (చల్లదనం ఆ స్థితిలో ఏం చేస్తుందో పాఠకులు ఊహించగలరు). "నొప్పెక్కడో మీరే వేలు పెట్టి చూపండి" అని, సరిగ్గా అక్కడే పరికరం ఆనించింది. తెరమీద నల్లని చిన్న గుండ్రం. దాని లోపల ఎరుపు, నీలం మిణుకులు.

"ఆ రంగులు రక్తం పారుతున్న గుర్తు. అంచులు నున్నగా ఉన్నాయి. రక్తనాళం గోడలోంచి పుట్టిన మామూలు గడ్డలా ఉంది. చెడ్డదనిపించడం లేదు. తీయించి పరీక్షకు పంపండి, అప్పుడు ఖాయంగా తెలుస్తుంది... ఏంటి, అలా మెలికలు తిరుగుతున్నారు? అంత నొప్పా?"

"బాత్రూమ్ ఎక్కడండీ?"

"పిక్క స్కానింగ్‌కి నీళ్లెవరు తాగమన్నారయ్యా!"

జవాబు చెప్పే వ్యవధి లేదు. బతికి బట్టకడతానన్న కబురు నాకు పూర్తిగా అర్థమైంది ఆ చిన్న గది తలుపు గడియ పెట్టుకున్నాకే. అక్కడ నిలబడి కాసేపు ఏడ్చాను కూడా. బయట డాక్టరన్న ఇంకో పేషెంటుకు నీళ్లు తాగిస్తున్నాడు.

గడ్డ తీసేశారు, మంచిదేనని తేలింది. ఇప్పుడు నా వయసుకు తగ్గ పరీక్షలు చేయించుకుంటున్నాను, ఫలితాలు ఫోన్‌కే వస్తాయి. వాటి కోసం ఒంటరిగా, శాస్త్రీయంగా ఎదురుచూస్తుంటాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేవాళ్లు లేకపోతే నిలువెల్లా భయపడటానికి ఎంత తీరిక ఉంటుందో!