పాపారావు నొక్కిన మీట

మా క్యాథరిన్‌కు కోపం వచ్చేకొద్దీ మాటలో అండీలు పెరిగేవి. ఏలూరులో మేమిద్దరం ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్ళం. ఆమె బల్ల మీద ఎప్పుడూ అరడజను మీటల ఫోన్లు పరిచి ఉండేవి. ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, "ఏవండీ, నా సెండు ఎక్కడ పెట్టారండీ మీరు?" అని నిలదీసేది.

తండ్రి దేవదానం గారు భీమడోలులో లెక్కల మాస్టారు. జవాబు సరైనదే అయినా మధ్యలో ఒక మెట్టు తప్పితే కూతురికైనా సున్నా వేసే మనిషి. ఆ పెంపకంలో పెరిగి, రోజూ రైలెక్కి ఏలూరు వచ్చి ప్రోగ్రాములు రాసేది.

రెండువేల ఏడులో మా ఆఫీసు చేపల రైతుల కోసం ఫోన్లో ఒక అప్లికేషన్ చేసింది. చేపలు పట్టే రోజున, అంటే పట్టుబడి రోజున, రైతు చెరువు గట్టు మీద నుంచి ఒక మీట నొక్కితే ఐసు లారీ బయల్దేరాలి. తెర కింద ఒక పక్క మీట సెండు, రెండో పక్క మీట క్యాన్సిలు.

వినడానికి ఎంత తేలికో. కానీ ఫోన్లో తెరలు కట్టడానికి ఫ్రేమ్‌వర్క్ అని ఒకటి ఇచ్చేవారు. 'నాకు సెండు కావాలి, క్యాన్సిలు కావాలి' అని రాసుకోవడం వరకే మన పని. ఏది ఎడమ, ఏది కుడి అన్నది ఫోను చేసినవాడి ఇష్టం. ఒకదాంట్లో ఎడమ, ఒకదాంట్లో కుడి, ఇంకోదాంట్లో మెనూ అడుగున ఎక్కడో. ఇల్లు మనదట, గుమ్మం ఎటుండాలో మాత్రం మేస్త్రీ ఇష్టమట. ఒళ్ళు మండదూ మరి?

క్యాథరిన్ మొదట్లోనే మా మేనేజరు శ్యామ్ సుందర్ గారికి చెప్పింది. "ఏవండీ, చెరువుల దగ్గర ఫోను తడవకుండా పాలిథిన్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేస్తారండీ. లోపల ఆవిరి పట్టి తెర కనపడదండీ. అలవాటైన చోట వేలు పెట్టి నొక్కేస్తారండీ."

"అందరూ వాడే ఫ్రేమ్‌వర్కమ్మా. దాన్ని కాదని మనమేం చేస్తాం?" అని ఆయన నవ్వేశారు.

ముదినేపల్లి దగ్గర నలుగురు వాటాదారుల చెరువొకటి ఉంది. వాళ్ళలో పాపారావు గారే ఏళ్ళ తరబడి దాని బాగోగులు చూసేవారు. పాత ఫోను నీళ్ళలో పడితే కొత్తది కొన్నారు. అప్లికేషన్ మేమే ఎక్కించి ఇచ్చాం. పట్టుబడి రోజున ఎప్పటిలాగే కవరు మీద నుంచి ఎడమ మీట నొక్కి, వలల పనిలో పడిపోయారు. కొత్త ఫోన్లో ఆ మీట క్యాన్సిలు. లారీ ఏదీ అని వాళ్ళు ఫోన్ చేసేసరికి లారీలన్నీ వేరే చెరువులకు వెళ్ళిపోయాయి. పట్టిన శీలావతి, బొచ్చె చేపలన్నీ గట్టు మీదే కుళ్ళిపోయాయి.

"నేను నొక్కానండీ," అని పాపారావు గారిది ఒకటే మాట. మిగతా వాటాదారులెవరూ నమ్మలేదు. మర్చిపోయి బొంకుతున్నాడన్నారు. చెరువు పెత్తనం తమలోనే ఒకరైన పాండురంగారావు గారికి అప్పగించి ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టారు.

మా ఆఫీసేమో 'వాడినవారి పొరపాటు' అని చేతులు దులిపేసుకుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని సామెత కూడా చెప్పారు శ్యామ్ సుందర్ గారు, టీ తాగుతూ. మద్దెల నిజంగానే ఓడైతే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు.

క్యాథరిన్ ఆ వారమంతా ఆఖరి రైలుకే ఇంటికి వెళ్ళింది. ఫ్రేమ్‌వర్క్ ఇచ్చిన మీటలన్నీ అవతల పారేసి, ఖాళీ తెర మీద ప్రతి గీతా తనే గీసుకుంది. సెండును అంకెల నడుమనున్న అయిదు మీదికి తెచ్చింది. అయిదు మీద చిన్న బొడిపె ఉంటుంది, కవరు పైనుంచైనా వేలికి తగులుతుంది.

శ్యామ్ సుందర్ గారు చూసి సంబరపడ్డారు. "చడీచప్పుడు లేకుండా అందరి ఫోన్లలో మార్చేద్దామమ్మా. పాతదాంట్లో తప్పుందని మాత్రం ఎక్కడా అనకు."

"మరి పాపారావు గారి మాటేమిటండీ?"

"అది వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు."

"అలాగేనండీ. నేను ముదినేపల్లి వెళ్తున్నానండీ. వచ్చాక నా కుర్చీ ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టమండీ."

ఉంచలేదు లెండి. ఆ అండీలు విని నేనూ బ్యాగు తీసుకుని ఆమె వెంట నడిచాను.

వాటాదారులను చెరువు గట్టు మీదికి పిలిపించింది. పాపారావు గారిని తనే ఇంటికి వెళ్ళి తీసుకొచ్చింది. ఆయన దూరంగా నిలబడ్డారు. ఆయన ఫోన్లో పాత అప్లికేషన్ ఇంకా అలాగే ఉంది. దాన్ని కవర్లో పెట్టి పాండురంగారావు గారికిచ్చి, "మీ ఫోన్లో ఎలా నొక్కుతారో అలాగే నొక్కి లారీని పిలవండి," అంది.

ఆయన ఎడమ మీట గట్టిగా నొక్కారు. "వచ్చేస్తుందామ్మా లారీ?"

"రాదండీ. మీరు క్యాన్సిలు నొక్కారండీ."

ఆయన కవరు విప్పి తెర చూశారు. పక్కనున్నాయన లాక్కుని చూశాడు.

"ఆయనా అక్కడే నొక్కారండీ. తప్పు మాదండీ. చెప్పొద్దన్నారు, అయినా చెబుతున్నానండీ."

పాండురంగారావు గారు ఆ ఫోను తీసుకెళ్ళి పాపారావు గారి చేతిలో పెట్టారు. "రేపటి నుంచి మళ్ళీ చేపలకు మేత నువ్వే వేయించు," అన్నారు. పాపారావు గారు ఆయన వంక చూడనేలేదు. క్యాథరిన్ దగ్గరికి వచ్చారు.

"అయితే నేను నొక్కినట్టేనా అమ్మా?"

"నొక్కారండీ."

ఆయన గట్టు మీద కూర్చున్నారు. "అందరూ అలా అంటుంటే, నొక్కలేదేమోనని నాకే అనుమానం వచ్చేసిందమ్మా," అన్నారు.