మూగ బొమ్మకు మా మామ మాట

గత బుధవారం పొద్దున సికింద్రాబాద్‌లోని ఒక ఆస్పత్రిలో మా మేనమామ కన్నుమూశాడు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. కానీ ఆయన మీద నాకు పీకలదాకా కోపం ఉంది. ముందు అది చెప్పుకోకపోతే ఈ నాలుగు ముక్కలూ రాయలేను.

మామ వాళ్ల నాన్న, అంటే మా తాత, మూగ సినిమాల రోజుల్లో డేరా హాళ్లలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడు. తెర మీద వచ్చే అక్షరాలు ఇంగ్లీషువి. జనానికి తాత గొంతే దిక్కు. ఆయనకు బాగా పేరు తెచ్చింది ఒక బొమ్మ. అందులో ఒక జాలరి, చావుబతుకుల్లో ఉన్న రాజకుమారి కోసం సముద్రం అడుగుకు వెళ్లి, రాక్షసి కాపలా కాసే పువ్వును తెంచుకుని, ఎగిరే పడవలో తిరిగొస్తాడు. మాట్లాడే సినిమాలు రాగానే తాత పని పోయింది, కథ ఇంట్లో మిగిలింది. మామ దాన్ని బొమ్మ చూడకుండానే విని నేర్చుకున్నాడు. బోయిగూడ ఇంట్లో ఆయన రాక్షసి గొంతు పెడితే మా పిల్లమూకంతా ఒకరి చొక్కా ఒకరం పట్టుకునేవాళ్లం.

ఈమధ్య ఆ బొమ్మ నాకు ఇంటర్నెట్‌లో దొరికింది. ఎగిరి గంతేసి మామను మల్కాజ్‌గిరిలో మా ఇంటికి తీసుకొచ్చి టీవీలో పెట్టాను. జీవితంలో మొదటిసారి చూశాడు. చూసి మొహం మాడ్చుకున్నాడు. తాత చెప్పిన ఏడు తలల రాక్షసి తెర మీద కొమ్ములు కట్టుకున్న ఒక బక్క మనిషి. కథ మార్చాలేమో అన్నాను. బొమ్మలోనే తప్పుందని తేల్చేశాడు.

అప్పటినుంచి నా తిప్పలు మొదలయ్యాయి. ఆయన గొంతును బొమ్మతో పాటు చివరిదాకా రికార్డు చేయాలని నా పట్టుదల. తాత ఫొటో కూడా మిగలలేదు మాకు, ఈ మాటలే మిగిలాయి. మామేమో ఫోన్ ముందు నోరు విప్పడు. ఎదురుగా మనుషులుండాలి. సరే అని ఇరుగుపొరుగును పోగేసి, టీ ఇచ్చి, చప్పుడు చేయొద్దని బతిమాలాను. వాళ్లు బుద్ధిగా మూగనోము పట్టారు. మామ మధ్యలో ఆపేశాడు. ఊ కొట్టనివాళ్లకు కథ ఎట్లా చెప్పాలట. ఊ కొట్టమన్నాను. ఆ ఊల హోరులో ఆయన గొంతే వినిపించలేదు.

ఇంతా చేసి ముగింపు ఏ రోజుకారోజు మారేది. తెర మీద పడవ రాజుగారి కోట ముందు దిగుతుంది. మామ చెబితే బోయిగూడ కట్టెల అడితి పక్కన దిగుతుంది. మా ఇంట్లో చెప్పిన రోజు మల్కాజ్‌గిరిలో రైల్వే గేటు పడి, బండి వెళ్లేదాకా పడవ గాల్లోనే ఆగింది. పక్కింటావిడ కళ్లు తుడుచుకుని మరీ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. తాత చెప్పిన అసలు ముగింపు చెప్పమని గట్టిగా అడిగాను.

"నాయిన సుత గిట్లనే చేసెటోడు," అన్నాడు మామ. "ఎవరు కూసుంటె ఆళ్ల గల్లీల దించెటోడు. కోట ముంగట దిగితె మనకేం వస్తది?"

ఆస్పత్రిలో చేర్చిన తర్వాత ఒక సాయంత్రం తనే అడిగి ఫోన్‌లో బొమ్మ పెట్టించుకున్నాడు. డ్యూటీకి వచ్చిన నర్సమ్మాయిని ఏ ఊరని అడిగాడు. బొల్లారం అంది. ఇక చూడాలి ఆ ముసలాయన హుషారు. ఆయాసపడుతూనే సముద్రం దాటించాడు, ఏడు తలలూ నరికించాడు, పడవను తిరుమలగిరి మీదుగా తెచ్చాడు. ఆ పిల్ల సెలైన్ సరిచేస్తూ ఊ కొడుతోంది. నేను ఊపిరి బిగబట్టి రెండో ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. సరిగ్గా బొల్లారం రాగానే తెర మీదికి సబ్బు ప్రకటన వచ్చి కూర్చుంది. దాన్ని తీసేలోపు ఎవరో పిలిస్తే ఆ అమ్మాయి వెళ్లిపోయింది. నాకైనా చెప్పు, నేను వింటున్నాను కదా అని మామను బతిమాలాను.

"నీ ఊరు గాదు గదరా," అని కళ్లు మూసుకున్నాడు. "ఉండనియ్, పొద్దుగాల ఆ పోరి వచ్చినంక దించుత."

తెల్లారేసరికి ఆయన లేడు. ఒక్క వాక్యం, మామా. ఒక్కటి చెప్పేస్తే నీ సొమ్మేం పోయింది?

సంతకాలన్నీ పెట్టి బయటికి వచ్చేసరికి ఆ నర్సమ్మాయి డ్యూటీ దిగి బస్టాపులో నిలబడి ఉంది. మామను తలచుకుని కాసేపు బాధపడింది. తర్వాత మొహమాటపడుతూ అడిగింది.

"సార్, ఆ పడవ మా బొల్లారంల యాడ దిగుతదో తాత చెప్పలే. మీకు ఎర్కనా?"

చిన్నప్పటినుంచి విన్న కథ. నోరు తెరిచాను. బొల్లారంలో ఏ వీధి, ఎవరి గుమ్మం, ఎవరు ఎదురొస్తారు, ఒక్కటీ తోచలేదు. ఆమె బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కలేదు, నా మొహమే చూస్తూ నిలబడింది. బస్సు వెళ్లిపోయింది.