మొగులప్ప బస్సులు ఆరవు

మొగులప్పకు లోకంలో ఏ వస్తువూ ఆరినట్టు కనిపించేది కాదు. అదొక్కటే ఆయన జబ్బు. ఉతికిన చొక్కాను మూడు రోజులు దండెం మీదే ఉంచి, నాలుగో రోజు చెంపకు ఆనించి చూసి, "ఇంక తడున్నది" అని మళ్లీ ఆరేసేవాడు. అదీ తాండూరు ఎండాకాలంలో, నాపరాయి మీద నీళ్లు చల్లితే చుయ్యిమనే రోజుల్లో. వయసులో ఉన్నప్పుడు ఒక సంబంధం వచ్చిందట. పిల్ల తరపువాళ్లు కొత్తగా సున్నం వేసిన ఇంట్లో కూర్చోబెడితే, "గోడలు ఆరినంక మాట్లాడుదాం" అని లేచి వచ్చాడట. ఆ పిల్లకు ఇప్పుడు మనవలు. ఈయన ఇంకా ఒంటిగాడు.

నిజాం కాలంలో రైలు పెట్టెలకు రంగులేసిన మనిషి. నౌకరీ అయిపోయాక తాండూరు స్టేషన్ వెనక ఒక్క గదిలో ఉంటూ, అరచేతిలో పట్టే కొయ్య బస్సులు చేసేవాడు. ఎర్ర బస్సు, నడుముకు వెన్నరంగు చారలు. చివరి చార మీసం వెంట్రుకంత సన్నం. చెయ్యి వణికేది గానీ చార వణికేది కాదు.

రహస్యమంతా పోస్టాఫీసులో ఉంది. స్టాంపుల షీట్లకు అంచున జిగురు పూసిన తెల్లకాగితం మిగులుతుంది. దాన్ని బతిమాలి తెచ్చుకుని, గాజుపలక మీద బ్లేడుతో సన్నని పట్టీలు కోసి, నాలుకతో తడిపి బస్సుకు అంటించేవాడు. చార రావలసిన చోటు వదిలి, పక్కలన్నీ కప్పేవాడు.

"ఇగ వెన్నరంగు పుయ్యి కాకా" అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"ఆగు పిలగా. ముందుగాల మల్ల ఎరుపే పుయ్యాలె."

"బస్సు ఎర్రగనే ఉన్నది గద?"

"కాగితం అంచు కిందికెళ్లి రంగు కారుతది. కారేదేదో ఎరుపే కారనీ. ఎరుపు మీద ఎరుపు ఎవనికి కనవడ్తది? సందులన్నీ మూసుకుంటయ్. గప్పుడు వెన్నరంగు పూస్తే గీత సక్కగొస్తది."

"గప్పుడంటే ఎప్పుడు?"

"ఎరుపు ఆరినంక."

అంటే నాకు పళ్లు ఊడాక. గది నిండా నలభై బస్సులు, ఒక్కటీ బయటికి కదలలేదు. పక్కింటి కనకమ్మ తన కొడుకు ఆటకని చేయమన్న బస్సు ఆరేలోగా ఆ కొడుక్కి మీసాలు వచ్చాయి.

నేనూ ఒక బస్సు చేయమన్నాను. ఆటకు కాదు, పగకు.

మా అన్న భీమయ్య బస్సు కండక్టరు. మూడేళ్ల కింద జేబులో పైసా లేకుండా, అన్న బస్సే కదా అని ఎక్కాను. అనంతగిరి ఘాటులో, యాభై మంది ముందు టికెట్ అడిగాడు. లేదన్నాను. "ఇది మన నాయిన బండి గాదు, దిగు" అన్నాడు. దిగి వికారాబాద్ దాకా నడిచాను. ఇంటికి పోలేదు. స్టేషన్‌కు పోయి, అక్కడా టికెట్ లేకుండానే రైలెక్కి తాండూరులో దిగాను. నాపరాళ్ల డిపోలో రాతపని, ఒక గది, పాత పుస్తకాలు. పండుగ నాడు హోటల్ మూస్తే అటుకులు తిని పడుకునేవాణ్ణి. ఆ ఊళ్లో నాతో పని లేకుండా మాట్లాడినవాడు మొగులప్ప ఒక్కడే.

అన్న పెళ్లని లారీ డ్రైవర్ బిచ్చయ్య చెప్పాడు. నాకు కబురు రాలేదు. నా చిరునామా ఎవరికీ ఇవ్వలేదన్న సంగతి కోపంలో గుర్తు రాలేదు.

"బస్సు పక్కన పెద్ద అక్షరాలు రాయి కాకా. 'తమ్ముణ్ణి దింపిన బస్సు.' పందిట్ల అందరి ముంగట ఇస్త."

మొగులప్ప నాలుక మీది పట్టీ అలాగే ఉండిపోయింది. "పెండ్లెప్పుడు?"

"రెండు నెలలున్నది."

"ఆరదేమో పిలగా."

రోజూ సాయంత్రం పోయి కూర్చునేవాణ్ణి. "ఘాట్ల ఏమైందో జర మల్ల చెప్పు" అనేవాడు. చెప్పేవాణ్ణి. వినుకుంటూ బస్సుకు మళ్లీ ఎరుపే పూసేవాడు. ముప్పైసార్లు చెప్పేసరికి నా కథ నాకే విసుగు పుట్టింది. బస్సులో యాభై మంది కాస్తా పదిహేను మందికి దిగారు.

"ముంగటి సీట్ల ఎవరు కూసున్నరు?" అన్నాడొకనాడు.

"చెకింగు సాబు" అన్నాను. అనేదాకా నాకే గుర్తు లేదు.

"అచ్ఛా" అన్నాడు, ఇంకో పూత వేస్తూ.

పెళ్లినాడు పొద్దున బస్సు చేతికొచ్చింది. చారలు మెరుస్తున్నాయి. కిటికీల కింద మాత్రం ఒక వెడల్పాటి కాగితం అంటించి ఉంది.

"నీ అక్షరాలు దాని కిందున్నయ్. ఇంక ఆరలే. పందిట్లనే పీకు."

వికారాబాద్‌లో పెళ్లిపందిరి వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు. బస్సు డిపో మొత్తం అక్కడే ఉంది. బాసికం కట్టుకున్న అన్న నన్ను చూసి పీటల మీది నుంచి లేచాడు. పంతులు అరుస్తున్నా వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"బస్సుల వచ్చినవా?"

"ఆఁ."

"టికెట్ తీస్కున్నవా?"

"తీస్కున్న."

"మూడేండ్ల సంది యాడ సచ్చినవ్‌రా? నీకోసం తిరగని డిపో లేదు" అన్నాడు. బస్సు చేతిలో పెట్టాను. డ్రైవర్లందరికీ తిప్పి తిప్పి చూపించాడు. "మా తమ్ముడు తెచ్చిండు! గీ కాగితమేందిరా?"

"ముట్టుకోకన్నా! ఆరలే!" నేను పెట్టిన కేకకు మేళం ఆగిపోయింది.

రోజుకు వెయ్యి టికెట్లు చింపే చెయ్యి. గోరు పెట్టి ఒక్క లాగు లాగాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఏం లేదు గదరా?"

చూశాను. కాగితం కింద నున్నటి ఎరుపు. ఒక్క అక్షరం లేదు.

మరునాడు మొగులప్పను నిలదీశాను. "రెండు నెలలు ఏం చేసినవ్ కాకా?"

"రాద్దామనే అనుకున్న" అన్నాడు, కోస్తున్న పట్టీ మీద నుంచి చూపు తీయకుండా. "రాస్తే, రేపు మీరిద్దరు ఒక్కటైనంక గీకేదెవరు? నేనే గద. గా పని నాతోని గాదు."

పెళ్లి లడ్లు ఇచ్చాను. ఒకటి నోట్లో పెట్టుకుని అడిగాడు: "మీ అన్న... సన్న చార సంగతి ఏమన్నడు?"

అన్న చారల సంగతే ఎత్తలేదు.

"గసొంటి చార లాట్‌సాబు ఎక్కే సెలూను రైలుపెట్టెకు గూడ చూడలేదన్నడు కాకా."

"గాయనకేం తెలుసు" అంటూ మొగులప్ప తల వంచుకుని, ముసిముసిగా నవ్వుకుంటూ రెండో లడ్డు తీసుకున్నాడు.