గ్రహణం విడిచాక వాగులో మునిగాం

మా చిన్నప్పుడు... ఎనభైలో పెద్ద సూర్యగ్రహణం పట్టిన రోజు, పట్టపగలు మా ఊళ్లో ఒక్క తలుపూ తెరిచి లేదు. పటాన్‌చెరు దగ్గర ఊరు మాది. నేనప్పుడు మూడో తరగతి.

అమ్మ పొద్దున్నే మామిడి తొక్కు జాడీ మీద, బియ్యం కుండ మీద గరిక వేసింది. గ్రహణం పట్టగానే పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. అది నిజంగానే నిలబడింది...

అందరి భయమూ మా వదిన గురించే. ఆమెకు ఏడో నెల. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం చూస్తే బిడ్డకు అవకరం వస్తుందని నమ్మకం. లోపలి గదిలో కిటికీకి గోనెసంచి కట్టి, వదినను వెల్లకిలా పడుకోబెట్టి, నన్ను కాపలా పెట్టారు. పాపం, దురద పెట్టినా గోక్కోనివ్వలేదు. గ్రహణం ఉన్నంతసేపూ ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది.

గ్రహణం విడిచింది. ఇంట్లో నీళ్లన్నీ మైలపడ్డాయని, బావి నుంచి తోడి పెట్టుకున్న మంచినీళ్లు బిందెలకు బిందెలు వాకిట్లో గుమ్మరించారు.

"పారే నీళ్లల్ల మునిగితెనే మైల పోతది, నడువుండ్రి" అంది అమ్మ. ఊరు ఊరంతా వాగుకు కదిలింది.

చలికాలం ఇంకా పోలేదు, అయినా వాగు నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. "సూర్యుడు ఇడిసిన వేడి గదా!" అని ఆడవాళ్లు మురిసిపోయారు. ఎగువన కొత్తగా వెలిసిన మందుల కంపెనీ, జనమంతా ఇళ్లల్లో దాక్కున్న వేళ చూసి తన మురికంతా వదిలేసిందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

కుళ్లిన గుడ్ల వాసన... పైన పచ్చటి నురగ. ముక్కు మూసుకుని మూడు మునకలు వేశాను. నోట్లోకి పోయిన నీళ్లు సబ్బు నమిలినట్టు చేదుగా ఉన్నాయి. గట్టు మీదే కక్కుకున్నాను. జుట్టంతా జిగట. వదినను మాత్రం అమ్మ, బిడ్డకు మంచిదని, ఇంకో రెండు మునకలు ఎక్కువే ముంచింది.

తెల్లారేసరికి అందరికీ దద్దుర్లు. వదినకైతే చేతుల మీద, మెడ మీద బొబ్బలు. వాగు నిండా చచ్చిన చేపలు. కంపెనీ సారు ఒకాయన జీపులో వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "గ్రహణం కదా, చేపలు చావడం మామూలే" అని చెప్పి పోయాడు. ఊరంతా తలూపింది.

ఛీ... ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ రోత.

తర్వాత అమ్మ వదిన వైపు తిరిగింది. "నిజం చెప్పు సుగుణా, సూర్యున్ని సూసినవా?"

"లేదత్తమ్మా. నా కడుపుల బిడ్డ మీదొట్టు."

"సూడలేదమ్మా, నేను పక్కకే ఉన్న" అన్నాను.

"నువ్వు నోర్ముయ్!"

కంపెనీని అడిగిన వాళ్లు లేరు. మా ఇంటికొచ్చిన ప్రతి మనిషీ వదిన బొబ్బలు చూసి, ఈమె చూసినందుకే ఊరికింత దోషం తగిలిందని నిట్టూర్చి, చాయ్ తాగి వెళ్లేవాళ్లు. బిడ్డ ఎలా పుడుతుందోనని వదిన గోడ వైపు తిరిగి ఏడ్చేది.

పాప పుట్టింది... నిక్షేపంలా. అమ్మ ఒళ్లంతా తిప్పి తిప్పి వెతికింది. చిన్న మచ్చ కూడా దొరకలేదు. అయినా వదినతో ఒక్క మంచి మాట అనలేదు.

వానాకాలంలో వాగులో మళ్లీ చేపలు చచ్చి తేలాయి. గ్రహణం లేదు, ఏమీ లేదు. అదే కంపు, అదే నురగ. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. పాపను భుజాన వేసుకున్న వదిన, అందరి ముందూ నెమ్మదిగా అడిగింది...

"ఈసారి గూడ నేనే సూసిన్నా, అత్తమ్మా?"

అమ్మ తల దించుకుంది.

ఇప్పుడా వాగు మీద వంతెన ఉంది. కారు అద్దాలు ఎక్కించుకుని దాటేస్తాం. మీ ఊరి వాగు నీళ్లు దోసిట పట్టి తాగిన వాళ్లెవరైనా ఉంటే, ఆ రుచి ఎట్లా ఉండేదో కింద రాయండి... కంపెనీ రాకముందు మా వాగుది ఎంత తలచుకున్నా నాకు గుర్తు రావడం లేదు.