బావను మరదల్ని చేసిన స్టాటిక్

నా మొఖం జూసి "ఏమైంది సార్, ఏమైంది" అని అడుగుడు బందు జెయ్యుండ్రి. చెప్త. ముందుగాల ఆ ఛాయ్ ఇటు జరపుండ్రి. మీసాలున్న బావను మరదల్ని జేసిన, గదీ సంగతి!

మా పాపకు పుట్టెంట్రుకలు తియ్యాలె. అందర్ని పిలువాలె. బయట ఎండలు, కాలేజీల సిలబస్ కాలే, నాకు తిరిగే ఓపిక లేదు. మా ఇంటామె స్వప్న మొదలే చెప్పింది: "మా అన్న ఫోన్ జేస్తె వచ్చేటోడు కాదు. మక్తల్ పోయి బొట్టు వెట్టి పిలుద్దాం." నేనేమో కంప్యూటర్ సార్ ను గద! "ఒక్క బటన్ నొక్కితె అందరికి వాట్సాప్ పోతది. ఎవరి పేరు వాళ్లకు, ఎవరి వరుస వాళ్లకు. ఫికర్ జెయ్యకు" అన్న.

ఆ పొద్దే క్లాసుల, ప్రోగ్రాంల వాడే స్టాటిక్ అన్న మాట చెప్పిన. తెలుగు సార్, మీ కోసం జర ఇడమర్చి చెప్త. పిల్లలందరికి పేర్లు వేరే వేరే, గని కాలేజీ పేరు ఒక్కటే గద. అందుకే కాలేజీ పేరు ముందల స్టాటిక్ అని రాస్తె, అందరికి కలిపి ఒక్కటే డబ్బా. అండ్ల ఆఖరికి ఏం వేస్తె అందరికి అదే. నేను వాట్సాప్ పంపే ప్రోగ్రాం రాసుకుంట ఆ లైనే కాపీ కొట్టి, కాలేజీ పేరు తీసి 'వరుస' అని రాసిన! ముందల ప్రైవేట్ అని ఉన్నది. అది జూసి మురిసిన, బయటి కోడ్ ఏదీ దీన్ని ముట్టదని. పక్కనే ఉన్న స్టాటిక్ కండ్లకే ఆనలేదు. లిస్టుల ఆఖరు పేరు స్వప్న చెల్లె లతది. వరుస ఏంది? మరదలు.

బటన్ నొక్కిన. మా పెద్దనాయినకు "మరదలు బాలయ్యకు నమస్తె" అని పోయింది. మా మామకు "మరదలు అంజయ్యకు." మా బావకు, అదే స్వప్న అన్నకు, "మరదలు నర్సింహులుకు నమస్తె, నువ్వు తప్పకుండ రావాలె."

ఇగ ఫోన్లు సురువైనయి. స్వప్న "జల్ది బాగజెయ్యి" అని నెత్తి మీద నిలవడ్డది. ప్రైవేట్ పెట్టినందుకే వరుసలు లోపల ఇరుక్కున్నయేమో అనుకొని, అది తీసి పబ్లిక్ పెట్టిన! అరే, పొద్దుగాల బోర్డు మీద నేనే రాసిన గద: పబ్లిక్, ప్రైవేట్ అంటె ఎవరు ముట్టొచ్చన్న ముచ్చట, స్టాటిక్ అంటె అందరికి కలిపి ఒక్కటే అన్న ముచ్చట. దానికి దీనికి సంబంధమే లేదు! గాబరల అదేం యాదికి రాలే. అందరికి క్షమాపణ రాసి మళ్ల నొక్కిన. "మరదలు నర్సింహులుకు క్షమాపణలు. ఇందాకటి మెసేజ్ పొరపాటు."

మా బావ ఆ టైంల మార్కెట్ యార్డుల కందులు అమ్ముతుండు. కండ్లద్దాలు లేవని రెండు మెసేజ్ లు పక్కాయనతోని గట్టిగ చదివిచ్చుకున్నడు. యార్డు యార్డంత ఇన్నది. ఫోన్ జేసిండు.

"ఏం బావా, పాపను మరదలు ఒళ్ల కూసోవెడుతవా? మేనమామ యాడున్నడో ఎతుక్కో పో!"

పెట్టేసిండు. మా దిక్కు మేనమామ ఒళ్ల కూసోవెట్టుకొని తొలి కత్తెర ఎయ్యకుంటె పుట్టెంట్రుకలు తియ్యరు. స్వప్నకు ఉన్నది ఒక్కడే అన్న. ఆమె పాప నెత్తి నిమురుకుంట ఏడ్సింది. తిట్టినా బాగుండు. నాకు మస్తు సిగ్గయింది.

తెల్లారి పాపనెత్తుకొని ఇద్దరం మక్తల్ బస్సెక్కినం. బావ అరుగు మీద కూసున్నడు, మమ్మల్ని జూసి లేవలే.

"బావా, అది స్టాటిక్. అంటె అందరికి ఒక్కటే..." అని సురువు జేసిన.

"నా వరుస, మా నాయిన వరుస ఒక్కటేనా?"

"కాదు బావా, కంప్యూటర్ల..."

"కంప్యూటర్ కు తెల్వకపోతె మానె. నీకు తెల్వదా?"

స్వప్న లోపలికి పోయి వదినెకు బొట్టు వెట్టింది, అన్న కాళ్ల కాడ కూసున్నది. పాప పాక్కుంట పోయి మామ మీసం గుంజింది. బావ నవ్వు ఆపుకోబోయిండు గని దొరికిపోయిండు.

"సరే, వస్త. గని ఒక్క షరతు. నాతోని పాటు మరదండ్లయిన వాళ్లందరి ఇండ్లకు పోయి బొట్టు వెట్టి పిలువాలె. అందరు వచ్చినంకనే కత్తెర పడ్త."

అయిపాయె! నిన్న నారాయణపేట, ఇయ్యాల పొద్దుగాల కోస్గి, రేపు తిరుమలగిరి. నడుము ఇరిగింది, ఉన్న లీవులు ఒడిసినయి. కంప్యూటర్ ఉంటె మస్తు టైం మిగుల్తదని పిల్లలకు రోజు చెప్పేటోన్ని నేనే. ఆ మిగిలిన టైమంత కుంకుమ భరిణె పట్టుకొని బస్సుల నిలవడి గడుపుతున్న!