బుల్లెమ్మ ఫోను, మేకపోతు బస్సు

ఫిబ్రవరి పదకొండో తేదీ ఉదయం ఏడు గంటలకు, మాచర్లకు గంట దూరంలోని ఒక ఊళ్లో, తన గుమ్మం ముందు నిలబడి ఉన్న బుల్లెమ్మ చేతిలోంచి పోలీసులు ఆమె ఫోను తీసుకున్నారు. రసీదు ఇవ్వలేదు. పంచనామా రాయలేదు. ఆమె మీద ఎవరి ఫిర్యాదూ లేదు. ఇవాళ్టికి నూట ఆరు రోజులు. ఫోను తిరిగి రాలేదు.

ఆ ఉదయం పోలీసులు ఊరిని నాలుగు వైపులా చుట్టుముట్టి, కాగితాలు లేని మోటారు సైకిళ్లను పట్టుకుంటున్నారు. ఎన్నికల గొడవల తర్వాత మా ప్రాంతంలో అది ఎవరికీ వింత కాదు. బుల్లెమ్మ ఇంట్లో మోటారు సైకిలు లేదు. కాబట్టి కానిస్టేబులు ఆమె చేతిలోని ఫోనుకు బిల్లు అడిగాడు. అది నరసరావుపేటలో ఫహీమ్ అనే అతను నడిపే రిపేరు కొట్లో కొన్న పాత ఫోను. పాత ఫోనుకు బిల్లు ఉండదని ఫోను వాడే ప్రతివాడికీ తెలుసు, ఆ కానిస్టేబులుకూ తెలుసు.

బుల్లెమ్మకు నలభై నాలుగేళ్లు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. మిషను కిందినుంచి తడిగా వచ్చే నాపబండలను ఎత్తి, బురద కడిగి, గోడకు ఆనించి పేర్చడం. పంతొమ్మిదేళ్లుగా రాయి ఆమె వేళ్ల మీది గీతలను అరగదీసింది. రేషన్ మిషను ఆమె బొటనవేలిని గుర్తించదు. ఫహీమ్ ఫోనుకు వేలిముద్ర తాళం పెట్టబోతే అదీ గుర్తించలేదు. "అక్కా, నీకు తాళమే అక్కర్లేదు, నీ ఏలే ఒక తాళం" అని నవ్వి, ఆమె అడిగిన పాత పాటలు ఎలా వెతుక్కోవాలో నేర్పి పంపాడు.

మొదట పాటలే. మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లు ఆగితే, అన్నం డబ్బా పక్కన ఫోను పెట్టుకుని వినేది. కొన్ని వీడియోల్లో పాట సాగుతుంటే కింద అక్షరాలు ఒక్కొక్కటిగా రంగు మారతాయి. చిన్నప్పటినుంచీ నోటికి వచ్చిన పాట. రంగు మారిన అక్షరం ఏ మాటదో చెవి చెబుతుంది. రెండో తరగతితో ఆగిపోయిన గుణింతం అలా కదిలింది. అప్పటికి ఆమెకు అది చదువు అని తెలియదు, పాట అనే అనుకుంది.

తర్వాత ఒకరోజు వేలు జారి ఒక బొమ్మల కథ తెరుచుకుంది. ఒక మేకపోతు బస్సు నడుపుతుంది, ఒక ముసలామె టిక్కెట్లు కొడుతుంది, బస్సు ఊరూరా తిరుగుతుంది. ఎవరు గీస్తారో తెలియదు, ఆదివారం ఆదివారం ఒక భాగం వస్తుంది. మేకపోతు నోటి దగ్గర తెల్లటి బుడగ, అందులో నాలుగు మాటలు. ఆ మాటలకు బస్సులో అందరూ పడీపడీ నవ్వుతున్నారు. బుల్లెమ్మకు ఎందుకో తెలియలేదు. అక్కడ మొదలైంది ఆమెకు నిలకడ లేకపోవడం.

పక్కన పనిచేసే గ్రేసమ్మకు చదవడం వచ్చు, బైబిలు చదివి నేర్చుకుంది. కొన్నాళ్లు ఆమె చేత చదివించుకుంది. గ్రేసమ్మ చర్చిలో వాక్యం చదివే రాగంలోనే మేకపోతు మాటలూ చదివేది.

"ఏమే బుల్లెమ్మా, దేవుడు నాకు కళ్లిచ్చింది మేకపోతు ఎకసెక్కాలు చదవటానికా? రోజూ ఇదేంది నాకు?"

"బస్సులో అందరూ నవ్వుతున్నారొదినా. నేనొక్కదాన్నే టిక్కెట్టు లేకుండా ఎక్కినట్టుంది."

"అయితే దిగు. లేదంటే నేర్చుకో."

నేర్చుకుంది. బుడగలో నాలుగే మాటలు కనుక భయం లేదు, బొమ్మ సగం చెప్పేస్తుంది. మాట ఎవరిదో తెలియకపోతే బుడగ తోక చూడాలి, తోక ఎవరి నోటి వైపు ఉంటే మాట వాళ్లది. పదకొండు నెలలకు గ్రేసమ్మ అవసరం తీరింది. ఒక మధ్యాహ్నం బుల్లెమ్మ తనంతట తాను చదివి, అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, పొలమారేదాకా నవ్వింది. "ఎవరన్నా నీళ్లియ్యండే దీనికి" అంది గ్రేసమ్మ. ఫ్యాక్టరీలో ఆ నవ్వు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఫోను తీసుకున్న రోజున ఆమె అరవై రెండో భాగం మధ్యలో ఉంది. బస్సు ఘాట్ రోడ్డు మలుపులో ఆగిపోయింది.

వారం తర్వాత స్టేషన్‌కు రమ్మని కబురొచ్చింది. ఆ ఊళ్లో తీసుకున్న ఫోన్లు ఐదు. నలుగురు అప్పటికే వేలిముద్ర వేసి తెచ్చుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను, కాగితంలో ఏముందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బుల్లెమ్మ, ఆమె భర్త వీరయ్య వెళ్లారు. వీరయ్య టిప్పరు డ్రైవరు, ఆ పూట బండి ఆపి వచ్చాడు. స్టేషన్ రైటరు బల్ల మీద ఒక కాగితం, దాని పక్కన ఫోను, ఫోను పక్కన సిరా డబ్బా పెట్టాడు. పెన్ను పెట్టలేదు.

"వేలుముద్ర వెయ్యమ్మా. ఫోను తీసుకుపో."

"చదివి వేస్తానయ్యా."

రైటరు వీరయ్య వైపు చూసి నవ్వాడు. "ఏంది, మీ ఆవిడ డిగ్రీ చేసిందా?"

ఆమె కాగితం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, బుడగలు చదివినట్టే చదివింది. చాలాసేపు పట్టింది. ఈ ఫోను తనకు రోడ్డు మీద దొరికిందనీ, తానే ఇష్టపూర్వకంగా స్టేషన్‌లో అప్పగించిందనీ, సొంతదారు ఎవరూ రానందున దయతో తిరిగి ఇస్తున్నారనీ అందులో ఉంది.

"నాకు రోడ్డు మీద దొరకలేదయ్యా. కొనుక్కున్నా."

"అందరికీ అట్టనే రాస్తాంలేమ్మా. పేరుకే."

"ఈ మాట నేననలేదు. బొమ్మ నాది పెట్టారు. తోక మీ వైపుంది."

రైటరుకు అర్థం కాలేదు. వీరయ్యకూ కాలేదు. "ఎయ్యవే. వాళ్లంతా ఏశారు, జైలుకేమన్నా పోయారా?" అన్నాడు.

"రేపెవడన్నా వచ్చి ఆ ఫోను నాదంటే, దొరికిందని నేనే ఒప్పుకున్నట్టు గదా. కొన్నదాన్ని దొంగనవుతానా?"

ఫోను బల్ల మీద, చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆమె సిరా డబ్బాను వెనక్కి జరిపి లేచింది. రైటరు ఫోనును సొరుగులో వేశాడు. ఆ తర్వాత ఆమె ఎనిమిదిసార్లు వెళ్లింది. ఎనిమిదిసార్లూ అదే కాగితం. ఫోను తానే అమ్మానని ఫహీమ్ సంతకంతో రాసిచ్చిన ఉత్తరాన్ని తీసుకోవడానికి నిరాకరించారు.

చదవడం వచ్చిన కళ్లు ఊరుకోవు. ఇప్పుడామె ఎరువుల బస్తాలు చదువుతుంది, బస్సు బోర్డులు చదువుతుంది, గోడల మీద చిరిగిన పోస్టర్లలో మిగిలిన సగం మాటలు చదివి, తక్కిన సగం ఏమిటని గ్రేసమ్మను వేధిస్తుంది. పిండి కలుపుతూ బొటనవేలితో పీట మీద పైకి పైకి తోస్తుంటుంది, తెర మీద తోసినట్టు. ఆదివారం నరసరావుపేట వెళ్లి ఫహీమ్ కొట్లో అతని ఫోనులో కొత్త భాగం చదువుతుంది. బస్సు ఘాట్ రోడ్డు దాటింది. కానీ వెనకనుంచి గిరాకీలు తోస్తుంటారు, నిలబడి చదవాలి, గట్టిగా నవ్వడానికి లేదు. "చదివినట్టుండదు ఫహీమూ, ఎంగిలి తిన్నట్టుంటది" అని చెప్పి, మళ్లీ వారం వెళ్తుంది.

ఆ స్టేషన్ అధికారులకు ఈ మాటలు.

దొంగసొత్తు అన్న అనుమానంతో ఒక వస్తువును తీసుకునే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నూట ఆరో సెక్షను కింద మీకు ఉంది. అలా తీసుకున్న సంగతిని వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేయాల్సిన బాధ్యతను కూడా ఆ సెక్షనే మీ మీద పెట్టింది. మీరు తెలియజేయలేదు. నూట ఐదో సెక్షను మరొకటి చెబుతోంది. జప్తును మొదటినుంచి చివరిదాకా వీడియో తీయాలి, వీలైతే మొబైల్ ఫోనుతోనే తీయాలి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి.

బుల్లెమ్మ ఫోనును ఆమెకు తిరిగి ఇవ్వండి. ఆమె అనని మాటను ఆమె నోటికి కట్టే కాగితం లేకుండా ఇవ్వండి. ఆ నలుగురి చేత వేయించుకున్న వేలిముద్రలను రద్దు చేసి, ఆ సంగతి వాళ్లకు రాతపూర్వకంగా తెలపండి. ఫిబ్రవరి పదకొండు ఉదయం ఆమె గుమ్మం ముందు మీరు తీసిన వీడియో ఉంటే తెచ్చి ఆమెకు చూపించండి. లేకపోతే, లేదని రాసి సంతకం పెట్టి ఇవ్వండి. చదివి వినిపించడానికి మనిషిని పంపనక్కర్లేదు.